నలభై మంది నాయకులు, ఒక్క దమయంతి

రెల్లివలస ప్రభుత్వ మానసిక ఆరోగ్య కేంద్రం వాళ్ళు పైవాళ్ళను అడిగినవి రెండే రెండు. ఆడవాళ్ళ వార్డు మీది ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు కాలిపోయింది, కొత్తది కావాలి. నర్సులు సరిపోవడం లేదు, ఇద్దర్ని వెయ్యాలి. ఈ రెండింటి కోసం సూపరింటెండెంటు డాక్టర్ భానోజీరావు రాసి రాసి, ఆఖరికి సంతకం పెట్టమంటే కూడా చెయ్యి దానంతటదే 'మోటారు' అని రాసే దశకు చేరుకున్నాక రాజధాని నుంచి జవాబు వచ్చింది.

"మీ విజ్ఞప్తిని ఉన్నతస్థాయి సంఘం కూలంకషంగా పరిశీలించినది. సిబ్బంది కొరత అనునది వాస్తవం కాదు, ఒక దృక్పథం మాత్రమేనని సంఘం అభిప్రాయపడినది. మీ కేంద్రమునందు లోపించినది నర్సులు కాదు, నాయకత్వము. నీరు పైకెక్కకపోవుటకు కారణము మోటారు కాదు, టీమ్‌వర్కు లేకపోవుట. కావున మీ యావన్మంది సిబ్బందికి నాయకత్వ, బృందస్ఫూర్తి శిక్షణ మంజూరు చేయడమైనది."

యావన్మంది అంటే నిజంగానే యావన్మందీ. డాక్టర్ల దగ్గర్నుంచి వంటవాడు పోలినాయుడి దాకా అందరూ మూడు రోజులపాటు సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో ఉండి నాయకత్వం నేర్చుకోవాలి. ఆ మూడు రోజులూ వార్డులో రోగుల దగ్గర ఎవరుండాలన్న ముక్క మాత్రం ఉత్తర్వులో లేదు. భానోజీరావు ఫోన్ చేసి అడిగితే, "ఇదిగో, దీన్నే మేం నెగెటివ్ థింకింగ్ అంటాం డాక్టర్‌గారూ" అని అవతలి అధికారి పెట్టేశాడు.

ఎవరో ఒకరు ఉండిపోవాలి కదా అని సూపరింటెండెంటు మీటింగు పెట్టాడు. అప్పటిదాకా ఎవరికీ తట్టని ఒక లోపం ఆ మీటింగులో అందరికీ ఒక్కసారే తట్టింది. తమలో నాయకత్వం బొత్తిగా లేదు, శిక్షణ లేకపోతే బతకడం కష్టం. "నాకు చిన్నప్పట్నుంచీ నాయకత్వం తక్కువండి బాబూ. మా యావిడ రోజూ అంటాది" అన్నాడు పోలినాయుడు, కళ్ళు తుడుచుకుంటూ.

స్టాఫ్ నర్సు దమయంతి ఆ మీటింగులో లేదు. అది మందులిచ్చే వేళ. అందుకని ఆమె పేరు ఏకగ్రీవంగా ఖరారైపోయింది.

దమయంతికి శిక్షణ మీద మోజు లేదు గాని, వేరే గొడవ ఉంది. ఆమె మొగుడు త్రినాథ్ తోటవలస కరెంటాఫీసులో లైన్‌మన్. పెళ్ళై ఆరేళ్ళయింది, కాపురం మాత్రం ఆదివారాలే. అతను పొద్దున్న బస్సులో వచ్చి, అన్నం తిని, కాసేపు కునుకు తీసి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాడు. అతను మీసం తీసేసిన సంగతి ఆమెకన్నా ముందు బస్సు కండక్టరుకు తెలిసింది. అడగ్గా అడగ్గా భార్యాభర్తల కోటాలో ఆమెకు తోటవలస ఆసుపత్రికి బదిలీ వచ్చి వారమైంది. ఇక్కడివాళ్ళు రిలీవ్ చెయ్యడమే మిగిలింది.

"అమ్మా దమయంతీ, ఈ మూడ్రోజులూ నువ్వు చూసుకో. మేం రాగానే నిన్ను రిలీవ్ చేసేస్తాను. ఒట్టు" అన్నాడు భానోజీరావు.

"ఒట్టెందుకు సార్, సంతకం పెట్టెయ్యండి."

"పెన్ను పెట్టెలో సర్దేశానమ్మా."

ఆ మూడు రోజులూ దమయంతి ఎలా నెట్టుకొచ్చిందో ఆమెకే తెలియదు. రోగులకు టిఫినూ భోజనమూ ఎదురు హోటలు నుంచి తెప్పించింది. ఇంటికి వెళ్ళే వీల్లేక కుర్చీలోనే కళ్ళు మూసుకుంది. ఆడవాళ్ళ వార్డులో మాత్రం గవరమ్మ ఉండబట్టి కాస్త తెరిపి. గవరమ్మ డ్వాక్రా సంఘం లీడరు. రెండు నెలల కిందట నిద్ర మానేసి, మాట ఆపడం మానేసి, మండలంలో ప్రతి ఇంటికీ ఒక గేదెను ఇప్పిస్తానని రోడ్డు మీద మైకు పెట్టి చెబుతూంటే కొడుకు తీసుకొచ్చి చేర్పించాడు. ఇప్పుడు మందు పనిచేసింది. వేళకు తింటోంది, నిద్రపోతోంది, గేదెల ఊసెత్తితే తనే నవ్వుతోంది. ఇంటికి పంపెయ్యొచ్చని డాక్టర్ సన్యాసిరాజు నోటితో చెప్పాడు గాని, సంతకం శిక్షణ నుంచి వచ్చాక పెడతానన్నాడు.

"ఈ డాట్రుబాబు ఎప్పుడొస్తాడు నర్సమ్మా? జీడిపిక్కలు రాలిపోతన్నాయి. నానెల్లకపోతే పందులు తినెల్లిపోతాయి" అనేది గవరమ్మ రోజూ.

"రేపొచ్చేస్తారమ్మా. ఇద్దరం ఒకసారే వెళ్ళిపోదాం" అనేది దమయంతి.

వచ్చారు. బస్సు గేటు ముందు ఆగింది. ఆగింది గాని ఎవరూ దిగలేదు. అందరూ ఒకేసారి దిగబోవడమే దానికి కారణం. ముందడుగు వేసేవాడే నాయకుడన్నది శిక్షణలో మొదటి సూత్రమట. బస్సు తలుపులో డాక్టర్ సన్యాసిరాజు భుజమూ, హెడ్ నర్సు చేతిసంచీ, పోలినాయుడి పొట్టా కలిసి ఇరుక్కుపోయాయి.

"ఎవరో ఒకరు వెనక్కి తగ్గండయ్యా!" అని లోపలి నుంచి భానోజీరావు అరిచాడు.

"నాయకుడు వెనక్కి తగ్గడు సార్!" అని మిగతా ముప్పై తొమ్మిది మందీ ఒక్క గొంతుతో అన్నారు. బృందస్ఫూర్తి మాత్రం బాగా వంటబట్టిందని దమయంతి అనుకుంది. బస్సు తోలుకొచ్చిన అంబులెన్సు డ్రైవరు ఒక్కడు తన పక్కనున్న తలుపు తీసుకుని దర్జాగా దిగి, అందరికన్నా ముందు నేల మీద కాలు మోపి, తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు.

ప్రతివాళ్ళ గుండెల మీదా అరచేయంత నీలం రంగు బ్యాడ్జి ఉంది. 'నేను నాయకుణ్ణి' అని దాని మీద రాసి ఉంది. 'నాయకురాలిని' అని వేయించడం మరిచిపోయారు కాబట్టి ఆడవాళ్ళూ అదే పెట్టుకున్నారు.

ఆ పూటే రెండో సూత్రం అమల్లోకి వచ్చింది. నాయకుడు పని చెయ్యడు, చేయిస్తాడు. ఓపీకి ఒక ముసలామె కొడుకును తీసుకొచ్చింది. అతనికి నెలకోసారి ఇచ్చే ఇంజక్షన్ ఇవ్వాలి. సన్యాసిరాజు ఆ పని హెడ్ నర్సుకు అప్పగించాడు. ఆమె ఫార్మసిస్టు మీద విశ్వాసం ఉంచింది. ఫార్మసిస్టు డ్రైవరుకు సాధికారత కల్పించాడు. డ్రైవరు పోలినాయుడిలోని నిద్రాణశక్తిని తట్టి లేపాడు. పోలినాయుడు వాచ్‌మన్‌ను ప్రోత్సహించాడు. వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, తిన్నగా సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళి ఆయన భుజం తట్టి, "మీవల్ల అవుద్ది సార్. మీమీద నాకు పూర్తి నమ్మకముంది" అన్నాడు. పాతికేళ్ళ సర్వీసులో ఇంత మంచి మాట ఎవరూ అనలేదని భానోజీరావు పొంగిపోయాడు. ఆ ఆవేశంలో బయటికొచ్చి చూస్తే, ఇంక పని అప్పగించడానికి ఎవరూ మిగల్లేదు.

"ఇంతకీ సూది ఎవరేస్తారు బాబూ?" అంది ముసలామె.

దమయంతి వార్డులోంచి వచ్చి, "రా తమ్ముడూ" అని అతన్ని పక్కకు తీసుకెళ్ళి, రెండు కబుర్లు చెబుతూ ఇంజక్షన్ ఇచ్చి, దూది పెట్టి పంపేసింది. వెనక్కి తిరిగేసరికి నలభై మందీ ఆమెనే చూస్తున్నారు. ఆమె మొహం కాదు, యూనిఫాం మీద బ్యాడ్జి ఉండాల్సిన చోటు చూస్తున్నారు. అక్కడ ఏమీ లేదు.

"నా టీమ్!" అన్నారు నలభై మందీ ఒక్కసారే.

దమయంతి కష్టాలు అక్కడ మొదలయ్యాయి. నాయకుడన్నవాడు రోజూ తన టీమ్‌తో దిగిన ఫొటోను ఒక యాప్‌లో ఎక్కించాలి. లేదంటే ఇంక్రిమెంట్ ఆగిపోతుంది. ఒక ఫొటోలో ఇద్దరు నాయకులుంటే ఆ యాప్ ఒప్పుకోదు, 'నాయకత్వ సంఘర్షణ' అని ఎర్రగా చూపిస్తుంది. కాబట్టి పొద్దున్నే నలభై మంది వరసలో నిలబడేవాళ్ళు, ఆమె మధ్యలో నిలబడి నలభై సార్లు నవ్వేది. ఆపైన ప్రతి నాయకుడూ టీమ్‌ను ఉత్తేజపరచాలి. మందులు ఇస్తూంటే ఒకరు పక్కన నడుస్తూ ఉత్తేజపరిచేవారు. అన్నం తింటూంటే ఎదురుగా ఒకరు కూర్చుని ఉత్తేజపరిచేవారు. బాత్‌రూమ్ తలుపు అవతల నుంచి హెడ్ నర్సు ఉత్తేజపరిచింది.

అన్నిటికన్నా ఘోరమైంది విశ్వాస పరీక్ష. టీమ్ సభ్యుడు కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలి, నాయకుడు పట్టుకోవాలి. రిసార్టులో పరుపుల మీద చేశారట. ఇక్కడ గచ్చు. పోలినాయుడు గంగాళం ఎత్తే అలవాటున్నవాడు కాబట్టి చక్కగా పట్టుకునేవాడు. ఫార్మసిస్టు ప్రతిసారీ సరిగ్గా అప్పుడే కళ్ళజోడు సర్దుకునేవాడు. రెండు రోజుల్లో దమయంతి నడుము వేరే పార్టీలోకి వెళ్ళిపోయినట్టు ఆమె మాట వినడం మానేసింది.

నడుము పట్టుకునే సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. "సార్, రిలీవ్ చేస్తానన్నారు."

భానోజీరావు తలుపు వేసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, నిన్ను రిలీవ్ చేస్తే టీమ్‌ను రద్దు చేసినట్టు. టీమ్ లేకపోతే నాయకుడెక్కడ? నువ్వెళ్ళిపోతే నేను ఒట్టి భానోజీరావుని!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పోనీ నాకూ ఆ శిక్షణ ఇప్పించి, ఇంకెవర్నయినా టీమ్ చెయ్యండి సార్."

"అదీ రాసి అడిగానమ్మా. 'నలభై మంది నాయకులకు ఏకైక అనుచరురాలైన సదరు నర్సుకు శిక్షణ ఇచ్చుట ప్రజాప్రయోజనాల దృష్ట్యా నిషేధించడమైనది' అని వచ్చింది."

ఆ సాయంత్రం త్రినాథ్ ఫోన్ చేశాడు. "ఎప్పుడొస్తన్నావు?"

"రిలీవ్ చెయ్యట్లేదండీ."

"ఎవరు?"

"నలభై మంది."

"స్తంభం మీదున్నాను. ఇలాంటివి ఇక్కడ వినకూడదు. దిగి చేస్తానుండు" అన్నాడు. దిగి చేశాడు కూడా. కొత్త ఇంటి తాళం తీసుకున్నాననీ, రెండు గదులనీ, వెనక మునగచెట్టు ఉందనీ, వంటింటి కిటికీలోంచి రైలు కనిపిస్తుందనీ చెప్పాడు. "కనిపించడమే కాదు, వినిపిస్తాది కూడా. గిన్నెలన్నీ కదుల్తాయి" అన్నాడు సంబరంగా. దమయంతికి ఆ కదిలే గిన్నెలు చూడాలనిపించి ఏడుపొచ్చింది.

మర్నాడు ఆమె ఒక స్టూలు మీద కూలబడి ఉండగా డాక్టర్ సన్యాసిరాజు వచ్చాడు. "సిస్టర్, కిటికీ పక్క మంచం మీది ఆటో డ్రైవరు మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. మీరు వెళ్ళి మాట్లాడించండి. నేను వెనక నుంచి దిశానిర్దేశం చేస్తాను."

దమయంతి లేవలేకపోయింది. అందులో యుక్తి ఏమీ లేదు, నిజంగానే లేవలేకపోయింది. "నాకు తెలీట్లేదు సార్. ఒక్కసారి మీరు చేసి చూపించండి. చూసి నేర్చుకుంటాను" అంది, ఇంకో రెండు నిమిషాలు కూర్చోవచ్చు కదా అని.

ముందుండి ఆదర్శంగా నడిపించాలన్నది అయిదో సూత్రం. టీమ్ అడిగాక కాదంటే నాయకత్వం పోతుంది. సన్యాసిరాజు కుర్చీ లాక్కుని ఆ మంచం పక్కన కూర్చున్నాడు. ఓపీ రద్దీలో మనిషికి రెండు నిమిషాలు కేటాయించడం అలవాటైపోయిన డాక్టరు ఆయన. రెండు నిమిషాలయ్యేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. లేచి పోదామంటే టీమ్ చూస్తోంది. చేసేది లేక అలాగే కూర్చున్నాడు. గోడవైపు తిరిగి ఉన్న మనిషి చాలాసేపటికి ఇటు తిరిగి, "నా ఆటో ఎండలో ఉండిపోనాది" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

అక్కణ్ణుంచి మాటలు సాగాయి. ఆటో ఎక్కడుందో, దాని మీద ఎవరి కన్ను పడిందని అనుకుంటున్నాడో, ఆ రోజు ఏం వినిపించిందో, ఎందుకు భయమేసిందో అన్నీ వచ్చాయి. సన్యాసిరాజు వరండాలోకి పరుగెత్తుకొచ్చి, "మాట్లాడాడు! సిస్టర్, మాట్లాడాడు!" అని గెంతాడు. మానసిక వైద్యంలో ఇంత బాగా పనిచేసే పద్ధతి ఉందని ఆయన చదువుకున్నాడు గాని, చూడ్డం ఇదే మొదలు.

ఆ పూట ఆయన దమయంతితో దిగిన ఫొటోకు యాప్‌లో అయిదు నక్షత్రాలొచ్చాయి. ఆస్పత్రి మొత్తం అదే కబురు. దమయంతికీ అప్పుడే విషయం బోధపడింది. ఇన్ని రోజులూ తన చేతిలో ఇంత ఆయుధం ఉండగా గచ్చు మీద పడి దెబ్బలు తింటున్నానే అని ఆమెకు తన మీదే కోపమొచ్చింది. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు, సరదా పుట్టుకొచ్చింది.

"నాయుడన్నా, సాంబారులో పప్పు ఎంత వెయ్యాలంటారు? ఒకసారి చేసి చూపించండి." "ఫార్మసిస్టు గారూ, మాత్రలు ఒక్కొక్కళ్ళ చేతికిచ్చి, వేసుకునేదాకా నిలబడ్డం నాకు రావట్లేదు. మీరు చూపిస్తే..." "సార్, వార్డు ఊడ్చడంలో మీ విజన్ ఏమిటో నాకు అర్థం కాలేదు."

సూపరింటెండెంటు చీపురు పట్టాడు. ఆయన ఊడుస్తూంటే తనకు పోటీ వస్తున్నాడని హెడ్ నర్సు తడిగుడ్డ పట్టింది. డ్రైవరు దుప్పట్లు దులిపాడు. సాంబారులో పప్పు కంటికి కనిపించే స్థాయికి వచ్చింది. కొత్త మోటారు రాలేదు కాబట్టి నీళ్ళు ఎక్కించడం చేసి చూపించమంది దమయంతి. నలభై మందీ మెట్ల మీద వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు బకెట్లు అందుకుంటూ ట్యాంకు నింపారు. నింపుతూంటే వాళ్ళకు తెలియకుండానే పాట కూడా వచ్చింది.

గవరమ్మ మంచం మీద కూర్చుని ఇదంతా చూసి, దమయంతి కొంగు పట్టుకు లాగింది. "ఒలమ్మా, ఈళ్ళకేటైపోనాదే?"

"శిక్షణ ఇచ్చారమ్మా."

"అయ్యో పాపం. తగ్గుతాదంటావా?"

"మందులేదమ్మా దీనికి."

"నన్ను మాత్రం బేగి పంపించెయ్యి నర్సమ్మా. అంటుకుంటాదేమో."

గవరమ్మను మళ్ళీ ఒకసారి పరీక్ష చెయ్యడం ఎలాగో సన్యాసిరాజు చేసి చూపించాడు. గంటసేపు కూర్చుని అడిగి, కొడుకుతో మాట్లాడి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి, ఇంటికి వెళ్ళొచ్చని రాశాడు. ఇంక ఒక్కటే మిగిలింది. కొత్త నిబంధన ప్రకారం డిశ్చార్జిని నాయకులు నిర్ణయించకూడదు, టీమ్ చర్చించి ఏకాభిప్రాయానికి రావాలి. చర్చ మీద నాయకుల ప్రభావం పడకూడదు.

దమయంతి ఒక్కతే మీటింగు హాల్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నలభై మందీ బయట వరండాలో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆమె ఫ్యాను వేసుకుంది. బల్ల మీద కాళ్ళు చాపుకుంది. సన్యాసిరాజు రాసింది మళ్ళీ ఒకసారి శ్రద్ధగా చదువుకుంది, అంతా సరిగ్గానే ఉంది. ఆ తరవాత చాలా రోజులకు మొదటిసారి హాయిగా కునుకు తీసింది. లోపల్నుంచి సన్నగా గురక వినిపిస్తే, "చర్చ వేడెక్కింది" అన్నాడు వాచ్‌మన్.

బయటికొచ్చి, "ఏకగ్రీవం" అంది. నలభై మందీ చప్పట్లు కొట్టారు. గవరమ్మ మూట చంకన పెట్టుకుని, కొడుకు మోటారు సైకిలెక్కి, "జీడిపప్పు పంపిస్తాను నర్సమ్మోయ్" అని కేకేసి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన దుమ్ము అణిగేదాకా దమయంతి గేటు దగ్గరే నిలబడింది. ఇద్దరం ఒకసారే వెళ్దామన్న తనే ఇక్కడ మిగిలిపోయింది.

ఆ వారాంతంలో శిక్షకుడు ప్రద్యుమ్న తనిఖీకి వచ్చాడు. సన్నటి ప్యాంటు, చెవిలో మైకు. కూడా ఒక జాయింటు డైరెక్టరు. లోపల అడుగుపెడుతూనే సూపరింటెండెంటు చేతిలో చీపురు చూసి ప్రద్యుమ్న గుండె పట్టుకున్నాడు.

"నాయకులు... పనిచేస్తున్నారా?"

"చేసి చూపిస్తున్నామండీ" అన్నాడు భానోజీరావు గర్వంగా.

"ఎవరికి?"

నలభై వేళ్ళు దమయంతి వైపు తిరిగాయి. ఆమె కుర్చీలో కూర్చుని జామకాయ తింటోంది.

జాయింటు డైరెక్టరు మెట్ల మీద బకెట్ల వరసను చూసి ఎంతో సంతోషించాడు. "మోటారు ఆవశ్యకత లేదనుట ఇందుమూలముగా ధ్రువపడినది" అని అక్కడికక్కడే రాయించాడు. ప్రద్యుమ్న మాత్రం మధ్యాహ్నానికి గాని తేరుకోలేదు. తేరుకుని, అందర్నీ హాల్లో కూర్చోబెట్టి వేదికెక్కాడు.

"ఎనర్జీ!" అన్నాడు.

"సినర్జీ!" అన్నారు నలభై మందీ.

"మిత్రులారా, మీరు దారి తప్పారు. అయినా బాధ లేదు. పడినవాడే లేస్తాడు. ఇవాళ మీకు ఆఖరి సూత్రం చెబుతున్నాను. అనుచరుణ్ణి అనుచరుడిగానే ఉంచేవాడు ఒట్టి మేనేజరు. అనుచరుణ్ణి సైతం నాయకుడిగా మలిచేవాడే అసలైన నాయకుడు! నాయకుడు అనుమతి అడగడు, నిర్ణయం ప్రకటిస్తాడు. అలాంటి ఒక్క నాయకుణ్ణి తయారుచేసినవారికి ఈ ఏడాది 'నాయక శిరోమణి' బిరుదు, సింగపూరు ప్రయాణం!"

దమయంతి శిక్షణ మీది నిషేధాన్ని జాయింటు డైరెక్టరు అక్కడికక్కడే చెయ్యి ఊపి ఎత్తేశాడు. కుర్చీలు దబదబా పడ్డాయి. నలభై మందీ తమ గుండెల మీది బ్యాడ్జీలు పీక్కుని దమయంతి మీదికి వచ్చారు. ఎవరి బ్యాడ్జి వాళ్ళు ఆమెకు గుచ్చారు. భుజాల మీద, చేతుల మీద, చోటు చాలక టోపీ మీద కూడా గుచ్చారు. పోలినాయుడు తనది ఎక్కడ గుచ్చాలో తెలియక ఆమె చెప్పుకు తగిలించాడు. అంతా అయ్యేసరికి ఆమె ఎన్నికలప్పటి కరెంటు స్తంభంలా ఉంది. ఎటు తిరిగినా గలగలమంటోంది.

"నాయకురాలిగా మీ తొలి పలుకు!" అని ప్రద్యుమ్న మైకు అందించాడు.

ఆరేళ్ళలో దమయంతి ఈ హాల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద తోటవలస బస్సు హారను కొడుతూ పోతోంది. గొంతు సవరించుకుంది.

"నాయకులు అనుమతి అడగరని సారు ఇప్పుడే సెలవిచ్చారు. అందుకని నేను అడగట్లేదు, చెప్తున్నాను. ఈ పూట నేను రిలీవ్ అయిపోతున్నాను."

భానోజీరావు లేచి నిలబడ్డాడు. "అదెలా కుదురుతుంది? టీమ్‌లో ఉన్నదే నువ్వొక్కదానివి..."

"అంటే నేను నాయకురాలిని కానంటారా సార్?"

ఆయన లెక్క వేసుకున్నాడు. కాదంటే తను తయారుచెయ్యలేదన్నమాట. అప్పుడు సింగపూరు మిగిలిన ముప్పై తొమ్మిది మందిలో ఎవరిదో అయిపోతుంది. అవునంటే ఆమె వెళ్ళిపోతుంది. ఆయన ముఖంలో కాసేపు టీమూ సింగపూరూ కుస్తీ పట్టాయి. సింగపూరే నెగ్గింది.

"అదీ నాయకత్వమంటే! నా చేతుల మీద తయారైన మనిషి!" అని అరిచాడు.

"నా చేతుల మీద!" అని సన్యాసిరాజు లేచాడు. "పడిపోకుండా పట్టుకున్నది నేనండి బాబూ!" అన్నాడు పోలినాయుడు. ఎవరు ఎక్కువ సంతోషంగా సాగనంపితే వాళ్ళే ఆమెను తయారుచేసినట్టు లెక్క కాబట్టి పోటీ మొదలైంది. సంతకానికి పెన్ను అడిగితే నలభై పెన్నులు వచ్చాయి. హెడ్ నర్సు ఆమె పెట్టె సర్దింది. డ్రైవరు అంబులెన్సులో బస్టాండుకు దింపుతానని సైరన్ వేశాడు. నలభై మందీ ఒకే నాయకురాలిని తయారుచేసినందువల్ల ఎవరిని పంపాలో తేలలేదు. ఆ చిక్కు ఎలా విప్పాలో అధ్యయనం చెయ్యడానికి ప్రద్యుమ్నా జాయింటు డైరెక్టరూ తామే సింగపూరు వెళ్ళాలని నిశ్చయించారు.

బస్సు ఊరు దాటాక గాని దమయంతి ఒంటి మీది బ్యాడ్జీలన్నీ తియ్యడం పూర్తికాలేదు. పక్క సీటు పెద్దావిడ పిన్నులు గుచ్చుకోకుండా సాయం చేసింది. అప్పుడు గుర్తొచ్చింది, సాయంత్రం మందులవేళ అయిపోతోంది. సన్యాసిరాజుకు ఫోన్ చేసింది.

"సార్, మందులు ఎవరిస్తున్నారు?"

"నేనే సిస్టర్. సగం వార్డు అయింది."

"అదేంటి సార్? ఇప్పుడు చూడ్డానికి టీమ్ లేదు కదా?"

"లేదు. కానీ ఆ ఆటో డ్రైవరు ఎదురుచూస్తున్నాడు సిస్టర్, నేనొచ్చి కూర్చుంటానని. వెళ్ళకపోతే నాకే ఏదోలా ఉంది." గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకండి. మళ్ళీ శిక్షణ వేస్తారు" అన్నాడు.

తోటవలసలో దిగేసరికి పొద్దు వాలింది. త్రినాథ్ బస్సు ఆగకముందే కిటికీ పక్కన పరుగెత్తుకొచ్చాడు. పెట్టె అందుకుని భుజాన పెట్టుకుని, "పద, నా వెనకాలే రా" అన్నాడు.

దమయంతి ఉన్నచోటే ఆగిపోయింది. ఆపైన ఆమెకు నవ్వొచ్చింది. వేరుశనక్కాయల బండివాడు చూస్తున్నా, బస్సులో జనం తొంగి చూస్తున్నా ఆగలేదు. చివరికి బస్టాండు బెంచీ పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏటైందే?" అన్నాడు త్రినాథ్ హడలిపోయి.

"ఏం లేదు. నేను ముందు నడుస్తాను."

"నీకు ఇల్లు తెలీదు కదా?"

"వెనక నుంచి మీరు చెప్పండి మరి."

ఆమె ముందు నడిచింది. అతను వెనక నుంచి "ఎడం పక్కకి... ఆ బియ్యం మిల్లు దగ్గర కుడికి" అని చెబుతూ నడిచాడు. నడుస్తూనే ఆమె బస్సు తలుపులో పోలినాయుడి పొట్ట ఇరుక్కున్న సంగతి ఎత్తుకుంది. త్రినాథ్ పెట్టె రోడ్డు మీద దింపేసి నవ్వాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. వాచ్‌మన్ సూపరింటెండెంటు భుజం తట్టిన దగ్గర మళ్ళీ దింపాడు. విశ్వాస పరీక్ష దగ్గర నవ్వు ఆపి, "నడుమింకా నొప్పెడతందా?" అని అడిగాడు. ఆపైన ఇద్దరూ పక్కపక్కనే నడిచారు, పెట్టెకు చెరో చెయ్యీ వేసి. ఎక్కడో రైలు కూత పెట్టింది.

"ఆగాగు" అన్నాడు త్రినాథ్ ఉన్నట్టుండి. "ఇల్లు దాటొచ్చేశాం."